కొక్కేనికి వేలాడిన గరిటె

అడివి అయిపోయి చేలు మొదలయ్యే చోట ఒక వాగు ఉంది. ఆ వాగు గట్టు మీద ప్రతి ఆదివారం జంతువుల రైతుబజారు కూడుతుంది. అక్కడ అమ్మాలంటే రెండే షరతులు. పంట సొంత చేనుది కావాలి, వంట సొంత పొయ్యిది కావాలి. కుందేళ్ళు ముల్లంగి తెస్తాయి. తాబేలు తామర దుంపలు తెస్తుంది గాని, అది చేరేసరికి బజారు సగం అయిపోతుంది. కోతులు అరటిపళ్ళు తెచ్చి, అమ్మినవాటికంటే తిన్నవే ఎక్కువై ఇంటికెళ్ళి తిట్లు తింటాయి. వీటన్నిటి మధ్య ఎప్పుడు చూసినా గుంపుగా ఉండే కొట్టు ఒకటుంది. బొల్లన్న అనే ఎద్దూ, అతని భార్య కర్రెమ్మ అనే ఆవూ కలిసి నడిపే ఉలవచారు కొట్టు అది.

కొట్టంటే గొప్ప కొట్టేమీ కాదు. నాలుగు గుంజలు, పైన తాటాకులు, మధ్యలో ఒక కుండ. ఆ ఉలవలు వాళ్ళింటి వెనక నేల చెక్కలో పండినవే. వాన వస్తే కుండకి అడ్డంగా కర్రెమ్మ నిలబడేది, కర్రెమ్మకి అడ్డంగా బొల్లన్న నిలబడేవాడు. తాటాకుల కంటే వాళ్ళిద్దరే నయమని బజారులో నవ్వుకునేవారు.

ఆదివారం ఒక్క పూటే వాళ్ళు కొట్టు యజమానులు. మిగతా వారమంతా ఇంకొకరి కింద పనిచేసేవాళ్ళే. బొల్లన్నది ఎలుగుబంటి గానుగలో పని. కోడి కూయగానే వెళ్ళి, కళ్ళకు గంతలు కట్టించుకుని, దీపాలు పెట్టే వేళ దాకా గుండ్రంగా తిరగాలి. పొద్దుటి నుంచి నడిచినా సాయంత్రానికి పొద్దున్న నుంచున్న చోటే ఉంటాడు. కర్రెమ్మకి పాలిచ్చే వయసు దాటింది. ఇప్పుడు కొంగల పాలకేంద్రానికి బండి లాగుతోంది. సాయంత్రం గేదెల దగ్గర బిందెలు ఎక్కించుకుని వెళ్ళి, కేంద్రం దగ్గరే పడుకుని, తెల్లవారుజామున ఇంకో బండి లాగి, ఎండెక్కాక ఇల్లు చేరుతుంది. అప్పటికి బొల్లన్న గంతల్లో ఉంటాడు. బొల్లన్న ఇంటికి వచ్చేసరికి ఆమె బండికి కట్టి ఉంటుంది.

ఒకటే ఇల్లు, ఒకటే గడ్డివాము, ఒకటే కుడితి తొట్టి. పగలు ఆమె పడుకున్న చోటే రాత్రి అతనూ పడుకుంటాడు, కాకపోతే అతను వచ్చేసరికి ఆ గడ్డిలో వెచ్చదనం ఉండదు. బొల్లన్నకి అదే దిగులు. గానుగ చుట్టూ తిరుగుతూ, గంతల వెనక చీకట్లో, కర్రెమ్మ మొహం గుర్తు తెచ్చుకునేవాడు. కొన్నాళ్ళకి ఆమె నుదుటి మీది సుడి ఏ పక్కకి తిరిగి ఉంటుందో కూడా అనుమానం వచ్చేది. ఆదివారం రాగానే ముందు అది చూసుకునేవాడు.

వారమంతా ఇద్దరినీ కలిపి ఉంచింది పొయ్యి మీది కుండ. ఉలవచారు ఒక పూటలో అయ్యే వంట కాదు. ఉలవలు ఉడకబెట్టి, ఆ కట్టు వార్చి, సన్న సెగ మీద రోజుల తరబడి మరగనిస్తే గాని చిక్కబడదు. పగటి పూట ఆమె కలుపుతుంది, ఇంటికొచ్చాక అతను కలుపుతాడు. శనివారం నాడు అందులో ఉప్పూ, చింతపండు పులుసూ పడాలి. ఒక్కసారే పడాలి. ఎవరికి తీరితే వాళ్ళు వేస్తారు. వేసిందీ లేనిదీ రెండోవాళ్ళకి గరిటె చెబుతుంది. గరిటె గోడ కొక్కేనికి వేలాడుతుంటే ఇంకా వెయ్యలేదని. కుండ మూతి మీద అడ్డంగా ఉంటే వేసేశారని.

మనకి అది గరిటె. బొల్లన్నకి మాత్రం అది కర్రెమ్మ మాట. ఇంట్లోకి రాగానే ముందు దాన్ని చూసేవాడు. దాని పిడికి ముట్టె ఆనించి కాసేపు అలాగే నిలబడేవాడు. కలపాల్సిన చారు కలపకుండా ఆ నిలబడటమేమిటో అర్థం కాక, చూరులో ఉండే బల్లి విసుక్కునేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం బజారు పెద్ద ఏనుగు మామ్మ అందరినీ పిలిచి ఒక సంగతి చెప్పింది. ఇకమీదట బజారు వారానికోసారి కాదు, రోజూ ఉంటుంది. వచ్చేపోయేవాళ్ళకి తిండి పెట్టడానికి రాతి అరుగూ, పెంకుల కప్పూ ఉన్న పక్కా కొట్టు ఒకటి కట్టిస్తారు. వచ్చే ఆదివారం ఎవరి తిండి నలుగురి కడుపూ నింపేలా ఉంటే ఆ కొట్టు వాళ్ళది.

రోజూ అన్న ఒక్క మాట దగ్గరే బొల్లన్న ఆగిపోయాడు. మిగతాది వినలేదు. రోజూ కొట్టు ఉంటే గానుగ ఉండదు, పాలబండి ఉండదు. రోజూ పొద్దున్నే ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ. పక్కకి చూస్తే కర్రెమ్మ మెడలోని గంట చప్పుడు వినపడింది. ఆమె కూడా అటే చూస్తోందని అతనికి అర్థమైంది.

"మావా, వస్తుందంటావా మనకి?" అంది.

"ఎందుకు రాదే?" అన్నాడు.

ఆ పూటే వాళ్ళ కొట్టు ముందు ఒక పిల్లి తన వెంట తెచ్చుకున్న మీగడ నాకుతూ కూర్చుంది. బొల్లన్న దాన్ని చాలాసేపు చూశాడు. ఎన్నేళ్ళుగానో నూనె ఆడిస్తున్నాడు గాని, కూలి కింద వచ్చేది నూనె తీశాక మిగిలే తెలగపిండి చెక్క. నున్నగా ఉండేదేదీ అతని నాలుక మీదికి వచ్చింది లేదు. అదెలా ఉంటుందో అని ఊరికే అడిగాడు. కర్రెమ్మ చారు కలుపుతూ విన్నది. గిరాకీ రావడంతో బొల్లన్న ఆ మాట మర్చిపోయాడు.

వాళ్ళ కొట్టుకి ఎదురుగా నక్క పానకాలు మజ్జిగ కొట్టు ఉంది. ఆ మజ్జిగలో మజ్జిగ ఎంతో వాగుకే తెలియాలి. ఎవరైనా నిలదీస్తే, చలవ చేస్తుందని పల్చగా చేశానని చెప్పేవాడు. పక్కా కొట్టు మీద పానకాలు కన్ను పడింది. తన మజ్జిగ బాగుచేసుకోవాలంటే ఖర్చు. అవతలి చారు పాడుచేయడానికి పైసా ఖర్చు లేదు. అందుకని వారం మధ్యలో గానుగ దగ్గరకి బయల్దేరాడు.

"ఏం బావా, ఎంత దూరం వచ్చావ్?"

గంతల్లో ఉన్న బొల్లన్నకి గొంతు మాత్రమే వినపడింది. "ఎవరది?"

"నేనే, పానకాలుని. నూనె కోసం వచ్చా. ఒక్కడివే తిరుగుతుంటే చూడలేక ఆగాను. చెల్లెమ్మ ఎలా ఉంది?"

ఆ ప్రశ్న బొల్లన్నని ఎవరూ అడగరు. ఎలుగుబంటి ఎంత నూనె దిగిందని అడుగుతుంది. బజారులో చారు ఇంకెంత ఉందని అడుగుతారు. కర్రెమ్మ ఎలా ఉందని అడిగేసరికి బొల్లన్న అడుగు నెమ్మదించింది. పానకాలు కళ్ళు ఎంత మిలమిలలాడుతున్నాయో కనపడి ఉంటే నోరు మూసుకునేవాడేమో. గొంతులో మాత్రం తేనె తప్ప ఏమీ వినపడలేదు. ఇక బొల్లన్న చెప్పడం మొదలుపెట్టాడు. బండి లాగీ లాగీ ఆమె మెడ కాయకాసిందన్నాడు. ఆదివారం మధ్యాహ్నం నిలబడే నిద్రపోతుందన్నాడు. అలా చెబుతూ చెబుతూ గరిటె దగ్గరకి వచ్చాడు. ఇంట్లో ఇద్దరూ ఎదురుపడకపోయినా చారు ఎలా కుదురుతుందో, కొక్కేనికి ఉంటే ఏమిటో, అడ్డంగా ఉంటే ఏమిటో మురిపెంగా విప్పి చెప్పాడు.

"ఎంత ముచ్చటగా ఉంది బావా," అన్నాడు పానకాలు. "మరి రుచి చూసుకోరా?"

"బోణీ కాకముందు రుచి చూస్తే ఎంగిలి కాదూ? కర్రెమ్మ ఒప్పుకోదు. కళ్ళు మూసుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళం వదిలేస్తాం."

పానకాలుకి కావలసిందంతా దొరికింది. నూనె కొనడం కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు. బొల్లన్న మాత్రం ఆ పూటంతా హుషారుగా తిరిగాడు. కర్రెమ్మ గురించి అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

శనివారం వచ్చింది. ఆ రోజు కర్రెమ్మకి తీరింది. ఉప్పు వేసి, పులుసు పోసి, బాగా కలిపి, గరిటె కుండ మూతి మీద అడ్డంగా పెట్టి, పాలబండి వేళకి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక, బొల్లన్న ఇంకా రాకముందు, ఆ ఇల్లు కాసేపు ఖాళీగా ఉంటుంది. ఎండ వాలుతుండగా పానకాలు పెరటి దారిన వచ్చాడు. చారులో ఏమీ కలపలేదు. కుండ ముట్టుకోను కూడా లేదు. గరిటె తీసి కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయాడు. అంతే చేశాడు.

దీపాల వేళ బొల్లన్న ఇంటికి వచ్చాడు. గుమ్మంలోంచే కొక్కెం వైపు చూసి అక్కడే ఆగిపోయాడు. కర్రెమ్మ మర్చిపోయే మనిషి కాదు, అదే, మర్చిపోయే ఆవు కాదు. ఎంత అలిసిపోయి ఉంటే మర్చిపోతుంది? ఎక్కడైనా కూలబడి ఉంటుందా? నిద్ర ముంచుకొచ్చి అలాగే బండి దగ్గరకి పరిగెత్తి ఉంటుందా? ఎప్పటిలాగే పిడికి ముట్టె ఆనించాడు. రోజంతా గానుగలో ఉన్న ముక్కుకి తెలగపిండి వాసన తప్ప ఇంకేదీ తెలియలేదు.

పోనీలే, దాని బదులు నేను చేస్తాను అనుకున్నాడు. ఆ తలపుతో దిగులులోంచే కొంచెం సంతోషం పుట్టింది. వారమంతా ఆమె కోసం చేయడానికి అతనికి ఏమీ దొరకదు మరి. ఉప్పు వేశాడు. ప్రేమ కొద్దీ కాస్త ఎక్కువే వేశాడు. పులుసు పోశాడు. గరిటె అడ్డంగా పెట్టి, ఆమె చూడకపోయినా సరే, చక్కగా తిన్నగా సర్దాడు.

ఆదివారం పొద్దున్న బొల్లన్న కుండ దించుకుని బజారుకి వచ్చాడు. కర్రెమ్మ తెల్లవారుజాము బండి దించేసి, కేంద్రం నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. నుదుటి సుడి కుడి పక్కకే తిరిగి ఉంది. బొల్లన్న అది చూసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె మెడకి గుడ్డ మూట ఒకటి వేలాడుతోంది. ఏమిటని అడిగేలోగా ఏనుగు మామ్మ వచ్చేసింది, వెనకే బజారంతా వచ్చింది.

బోణీ మామ్మదే. దొప్పలో పోసిన చారు తొండంతో ఎత్తి నోట్లో వేసుకుంది. చెవులు ఊపడం ఆపేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీళ్ళు," అంది.

"మజ్జిగ సిద్ధంగా ఉంది మామ్మా," అంటూ పానకాలు కడవతో సహా ముందుకు దూకాడు. ఆ రోజు మామూలు కంటే ఎక్కువ కడవలే తెచ్చాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ గెలిచేశాననుకున్నవాడికి నోరు ఆగదు. "ఏం చేస్తారు పాపం. చెల్లెమ్మ ఒకసారి ఉప్పు వేసింది, బావ వచ్చి మళ్ళీ వేశాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు రోజూ కొట్టేం నడుపుతారు మామ్మా? నాలాంటి ఒంటిగాడికి ఇచ్చావనుకో, ఏ గొడవా ఉండదు."

బొల్లన్న కర్రెమ్మ వైపు తిరిగాడు. "గరిటె కొక్కేనికే ఉంది కదే?"

"అడ్డంగా పెట్టే వెళ్ళాను మావా."

ఇద్దరూ అంతకంటే ఒక్క మాట అనుకోలేదు. అడ్డంగా పెట్టానందంటే పెట్టినట్టే. కొక్కేనికి ఉందన్నాడంటే ఉన్నట్టే. వాళ్ళు పోట్లాడుకుంటారని ఎదురుచూసిన పానకాలు తోక కొంచెం కిందికి దిగింది.

మామ్మ మజ్జిగ తాగలేదు. "పానకాలూ, నువ్వింకా ఈ చారు చుక్క కూడా రుచి చూడలేదు. ఉప్పెక్కువైందని నా మొహం చూసి చెప్పొచ్చు. రెండుసార్లు పడిందనీ, ముందు ఆవిడా తర్వాత ఈయనా వేశారనీ నీకెవరు చెప్పారు?"

పానకాలు కడవ వెనక్కి నక్కాడు. బొల్లన్నకి గానుగ దగ్గరి తేనె గొంతు గుర్తొచ్చింది. సిగ్గుతో తల వంచుకున్నాడు.

"నేనే చెప్పాను మామ్మా. గంతల్లో ఉండి, గరిటె సంగతంతా నేనే చెప్పాను. కర్రెమ్మ గురించి ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది."

ఎవరూ నవ్వలేదు. మామ్మ దొప్ప కింద పెట్టింది. తప్పు పానకాలుదేనని తేలిపోయిందనీ, అయినా చారు మాత్రం చారేననీ, ఆకలితో వచ్చిన ఇంతమందికి ఈ ఉప్పు పెట్టమని తాను చెప్పలేననీ అంది. మాట కఠినంగానే ఉంది గాని అబద్ధం కాదు. రేపటి గానుగ, ఎల్లుండి గానుగ, ఆ తర్వాతి గానుగ వరసగా బొల్లన్న కళ్ళ ముందు తిరిగాయి.

అప్పుడు కర్రెమ్మ మెడకున్న మూట విప్పింది. అందులో ముంత ఉంది. ముంత నిండా గడ్డకట్టిన మీగడ. పాలకేంద్రంలో వారానికోసారి కూలి కింద ఇచ్చేది అదే. మామూలుగా అయితే దాన్ని దారిలోనే చింతపండుకీ, ఉప్పుకీ మార్చుకుని వచ్చేది. ఈ వారం మార్చలేదు.

"పిల్లిని చూస్తూ అడిగావు గదా, ఎలా ఉంటుందని. నీకోసం తెచ్చాను మావా," అంది మెల్లిగా. "ఇది పడితే ఉప్పు తగ్గుతుంది. కానీ పోస్తే నీకు మిగలదు."

బొల్లన్న ఆ ముంత వైపు చూశాడు. మీగడ కంటే, తను మర్చిపోయిన మాటని ఆమె వారమంతా బండితో పాటు మోసిందన్నదే అతనికి కనపడింది. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"పోసెయ్యవే," అన్నాడు.

కర్రెమ్మ వేడి వేడి చారు దొప్పల్లో పోసి, ఒక్కో దొప్పలో గరిటె కొసతో మీగడ వేసింది. ఉప్పు వెనక్కి తగ్గింది. పులుపు కమ్మగా మారింది. మామ్మ రెండో దొప్ప అందుకుంది. చెవులు మళ్ళీ కదిలాయి. మూడోది అడిగింది. ఆ తర్వాత బజారు ఆగలేదు. కుందేళ్ళు ముల్లంగి బుట్టలు వదిలేసి వచ్చాయి. ఆ పూట తాబేలు కూడా వేళకి చేరుకుంది. ఉలవచారులో మీగడ వేసుకోవడం ఆ రోజు నుంచే మొదలైందని ఆ వాగు గట్టు మీద ఇప్పటికీ చెప్పుకుంటారు.

పక్కా కొట్టు బొల్లన్న కర్రెమ్మలకే ఇస్తున్నట్టు మామ్మ అందరి ముందూ చెప్పింది. అయితే అరుగు కట్టి పెంకులు కప్పేసరికి వానలు వెళ్ళాలి. అందాకా గానుగ గానుగే, బండి బండే. ఆ మాట విని ఇద్దరూ తలూపారు. కొట్టు వచ్చిన సంతోషం ఒక పక్క, ఇంకా ఎదురుచూడాలన్న బాధ ఒక పక్క.

ఇక పానకాలు సంగతి. బజారు నుంచి వెళ్ళగొట్టమని కోతులు గోల చేశాయి. మామ్మ ఒప్పుకోలేదు.

"వీళ్ళిద్దరి మధ్య గరిటెతో అబద్ధం చెప్పావు గదా. కొత్త కొట్టు కప్పు పడేదాకా వీళ్ళిద్దరి మధ్య నిజం మొయ్యి. రోజూ గానుగ దగ్గర బొల్లన్న ఏం చెబితే అది పాలబండి దగ్గర చెప్పాలి. ఆవిడ ఏం చెబితే అది మళ్ళీ గానుగ దగ్గర చెప్పాలి. ఒక్క మాట తగ్గినా, ఒక్క మాట పెరిగినా నీ కడవలన్నీ వాగులో పారబోస్తాను."

పారబోసినా పెద్ద తేడా ఏముంటుందని వెనక నుంచి ఎవరో అన్నారు. అప్పుడు అందరూ నవ్వారు.

ఎండ వాలింది. కుండ ఖాళీ అయింది, ముంతా ఖాళీ అయింది. పాలబండి వేళయింది. గట్టు దిగాక దారి రెండుగా చీలే చోట కర్రెమ్మ ఆగి, గుడ్డలో చుట్టిన గరిటె తీసింది. దాని గుంటలో కాస్తంత మీగడ అంటుకుని ఉంది. ఎవరికీ వడ్డించకుండా దాన్ని అలాగే దాచింది. బొల్లన్న మూతి దగ్గర పెట్టింది. అతను నాకాడు.

"ఎలా ఉంది మావా?"

బొల్లన్న ఇంకా ఆమె మొహమే చూస్తున్నాడు. దూరం నుంచి కొంగలు పిలిచాయి. జవాబు వినకుండానే వెళ్ళిపోవాల్సి వచ్చింది. గంట చప్పుడు వినపడినంతసేపూ అతను అక్కడే ఉన్నాడు.

మర్నాడు గానుగ దగ్గరకి పానకాలు వగరుస్తూ వచ్చాడు. గొంతులో తేనె లేదు. "చెప్పు బావా, ఏం చెప్పమంటావ్?"

బొల్లన్న ఒక చుట్టు తిరిగాడు. చెప్పాలనుకున్నవి గంపెడు ఉన్నాయి. ఇంకో చుట్టు తిరిగాడు.

"నిన్న అది అడిగిందానికి జవాబు చెప్పాలి. బాగుందని చెప్పు. కాదు, అలా వద్దు. అది ఎదురుగా ఉంటే దాని మొహం చూస్తూ తినేశాను, రుచి సరిగ్గా తెలియలేదు, మళ్ళీ ఆదివారం చూసి చెబుతానన్నానని చెప్పు."

మాట పోతుందేమోనని దాన్నే మళ్ళీ మళ్ళీ వల్లించుకుంటూ, నాలుక బయటపెట్టి, పానకాలు పాలబండి దారిన పరిగెత్తాడు. ఆ మాట ఎంతవరకు వెళ్ళి ఉంటుందో లెక్కవేసుకుంటూ బొల్లన్న గంతల వెనక చీకట్లో మళ్ళీ నడక మొదలుపెట్టాడు.

నీతి: దూరంగా బతికే ఇద్దరి మధ్య అబద్ధం దూరడానికి సందు దొరుకుతుంది గాని, ఒకరి కోసం ఒకరు దాచుకున్నదాన్ని అది పాడుచేయలేదు.